ఇంకు పెన్నుకి సరిపోయే చవక కాగితం: తిరుపతిలో నేను వాడుతున్నది

మీరు అడిగింది ఇదీ: తిరుపతిలో ఉంటున్నారు, ఈమధ్యే ఇంకు పెన్ను కొన్నారు, రోజుకి ఏడెనిమిది పేజీల నోట్సు రాసుకోవాలి. నోట్‌బుక్కులో అక్షరాలకి మీసాలు మొలుస్తున్నాయి, సిరా అవతలికి దిగిపోయి వెనక పేజీ పనికి రావడం లేదు. జపాను కాగితం కొనే స్తోమత లేదు. ఏం చెయ్యాలి?

నోట్‌బుక్కుల షాపు వదిలేసి జిరాక్స్ షాపుకి వెళ్ళండి. ఎందుకో చెబుతాను.

నేను డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతాను, పదేళ్ళుగా ఇంకు పెన్నుతోనే రాస్తున్నాను. మొదట్లో నేనూ కాగితం బరువు చెప్పే జీఎస్ఎం అంకె చూసే మోసపోయాను. అట్ట మీద 100 జీఎస్ఎం అని పెద్దక్షరాలతో వేసిన లాంగ్ నోట్‌బుక్కులు ఒకేసారి డజను కొన్నాను, డజను తీసుకుంటే తగ్గింపు ఇస్తామన్నారని. కంపెనీ పేరు చెప్పను. ఇంటికొచ్చి అలవాటు కొద్దీ మొదటి పేజీ మీద ‘శ్రీ’ రాశాను. వంపు తిరిగే చోట పాళీ ఒక్క క్షణం ఆగింది. అంతే, సిరా అక్కడ నిలవకుండా కాగితం పోగుల వెంట నాలుగు దిక్కులకీ పాకింది, రావి ఆకు ఈనెల్లాగా. పేజీ తిప్పితే అద్దంలో చూసినట్టు తిరగబడిన శ్రీ. ఆ తర్వాతి పేజీలో కూడా రెండు చుక్కలు. పన్నెండు పుస్తకాలూ మా అక్క కొడుక్కి లెక్కలు చేసుకోవడానికి పోయాయి. వాడు బాల్‌పెన్నుతో రాస్తాడు కాబట్టి వాడికి అవి బంగారం.

జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందనేదే. ఏ4 కాగితాలు పదహారు పక్కపక్కన పరిస్తే ఒక చదరపు మీటరు. అంటే 75 జీఎస్ఎం అయితే ఆ పదహారూ కలిసి 75 గ్రాములు, 500 కాగితాల రీము రెండుంపావు కిలోల పైచిలుకు. బరువు తెలిసింది గానీ, సిరాని ఆపుతుందా తాగుతుందా అన్నది తెలియలేదు కదా. ఇంకు పెన్ను వాళ్ళు పొగిడి పొగిడి చెప్పే జపాను టోమోయె రివర్ కాగితం 52 జీఎస్ఎం మాత్రమే. ఉల్లిపొరలా ఉంటుంది, అటువైపు రాసింది నీడగా కనిపిస్తుంది, కానీ సిరా మాత్రం దిగదు. నా 100 జీఎస్ఎం పుస్తకమేమో తువ్వాలులా తాగేసింది.

తేడా అంతా గంజిలో ఉంది. మాటవరసకి అనడం లేదు, నిజంగా గంజే. కాగితం తయారయ్యేటప్పుడు రెండు పనులు చేస్తారు. గుజ్జులోనే మైనం లాంటి పదార్థం కలిపి పోగులకి తడి పట్టకుండా చేస్తారు. కాగితం తయారయ్యాక పైన పిండిపదార్థంతో పల్చటి పూత వేస్తారు. నేత చీరకి గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే నీటి చుక్క కాసేపు పైనే నిలబడుతుంది చూడండి, అలాగ. ఈ రెండింట్లో దేనికి కక్కుర్తి పడ్డా కాగితం సిరా తాగుతుంది, ఎంత మందం ఉన్నా సరే.

దీన్ని నేను కళ్ళారా చూసింది కాగితం మీద కాదు, శ్రీకాళహస్తిలో బట్ట మీద. కలంకారీ వేసే ఒకాయన ఇంటికి వెళ్ళినప్పుడు ఇదే ప్రశ్న అడిగాను, బట్ట మీద గీత పాకదా అని. ఆయన నవ్వి మామూలు తెల్లబట్ట ముక్క ఒకటి తీసి, వెదురు కలంతో నల్లరంగు గీత గీశాడు. చూస్తుండగానే గీత లావెక్కింది, అంచులు గొంగళిపురుగులా అయ్యాయి. తర్వాత కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో తడిపి ఎండబెట్టిన బట్ట మీద అదే కలంతో గీశాడు. గీత గీసినంత మందానే నిలిచింది. పాలలో కొవ్వు ఉంటుంది సార్, అది రంగుని పారనీదు అన్నాడు. ఇంకో సంగతి కూడా చెప్పాడు. ఆ నల్లరంగు తుప్పు ఇనుమునీ బెల్లాన్నీ నీళ్ళలో వారాల తరబడి పులియబెట్టి చేసేది. అది బట్టలో ఉన్న కరక్కాయ వగరుతో కలిసి నల్లగా తిరుగుతుంది. పాతకాలం ఐరన్ గాల్ సిరాలో జరిగేదీ ఇదే, ఇనుమూ వగరూ కలవడం. మన జిల్లాలో కలం పట్టినవాళ్ళు సిరా గురించీ గంజి గురించీ ఎప్పుడో తేల్చుకున్నారన్నమాట, మనమే నోట్‌బుక్కు అట్టలు చదువుతున్నాం.

ఇక జిరాక్స్ కాగితం ఎందుకు నయం అంటారా? మిషన్లో గంటకి వేల కాగితాలు దూసుకుపోవాలి. పైన పోగులు లేచి దుమ్ము రాలితే మిషన్ పాడవుతుంది, అందుకని ఈ కాగితానికి గంజి పూత తప్పనిసరిగా వేస్తారు. అదే మనకి కలిసొస్తుంది. మామూలు నోట్‌బుక్కు కాగితానికి ఆ నిర్బంధం లేదు, బాల్‌పెన్ను రాస్తే చాలు.

నేను ఇప్పుడు ఎక్కువగా వాడేది టీఎన్‌పీఎల్ 80 జీఎస్ఎం. కరూరు దగ్గర తయారవుతుంది, తమిళనాడు ప్రభుత్వ సంస్థ, చెరకు పిప్పి ప్రధానంగా వాడి కాగితం చేసే మిల్లు. చిత్తూరు బెల్లం మండీల పక్కన పెరిగినవాణ్ణి, పిప్పి అంటే పొయ్యిలో పెట్టేదనే తెలుసు నాకు. కాగితం నున్నగా ఉంటుంది, సన్న పాళీ గీత గీసినట్టే నిలుస్తుంది, రెండు వైపులా రాసుకోవచ్చు. లావు పాళీతో మాత్రం కొంచెం నీడ పడుతుంది. దానికన్నా ఒక మెట్టు పైన కావాలంటే బాండ్ పేపర్ అడగండి, అంటే స్టాంపు పేపరు కాదు, ఉత్తరాలకి వాడే గట్టి రకం కాగితం. జేకే ఎక్సెల్ బాండ్ వాడాను, బాగుంది. ఉత్తరాలకీ, దాచుకోవాల్సిన రాతకీ అది తీస్తాను, రోజువారీ నోట్సుకి అంత అక్కర్లేదు.

ధర సంగతి. నేను చివరిసారి కొన్నప్పుడు 80 జీఎస్ఎం రీము 300 రూపాయలకి కాస్త అటూ ఇటూగా పడింది. కాగితం 60 పైసలు, పేజీ 30 పైసలు. మీరు చెప్పిన ఎనిమిది పేజీల లెక్కన రోజుకి రెండు రూపాయల నలభై పైసలు. ఒక టీ డబ్బులతో నాలుగు రోజులు రాసుకోవచ్చు.

ఒక్కసారిగా రీము కొనకండి. యూనివర్సిటీ చుట్టుపక్కల జిరాక్స్ షాపుల్లో గానీ, చిత్తూరులో అయితే కోర్టు పక్క టైపు షాపుల్లో గానీ విడి కాగితాలు రెండేసి చొప్పున అడగండి. ఒకో షాపులో ఒకో రకం ఉంటుంది. కోర్టు పక్కవాళ్ళ దగ్గర బాండ్, లెడ్జర్ (ఖాతా పుస్తకాల) పేపర్లు కూడా విడిగా దొరుకుతాయి. మూలన షాపు పేరు పెన్సిల్‌తో రాసుకుని ఇంటికి తెచ్చి, మీ పెన్నుతో, మీ సిరాతో పరీక్ష చెయ్యండి. నా పద్ధతి: ‘ఖ్య’, ‘క్ష’, ‘ఱ’ లాంటి మెలికల అక్షరాలు మామూలు వేగంతో రెండు లైన్లు, తర్వాత పాళీని ఒకేచోట ఆనించి మూడు లెక్కపెట్టి తియ్యడం. ఆ చుక్క గుండ్రంగా ఉండి, వెనక్కి దిగకపోతే ఆ కాగితం మీకు సరిపోయినట్టే. తెలుగు రాతకి ఈ చుక్క పరీక్ష మరీ ముఖ్యం. మన అక్షరాలన్నీ గుండ్రాలే కదా, ప్రతి తలకట్టు దగ్గరా, ప్రతి వత్తు దగ్గరా పాళీ కాస్త ఆగుతుంది. ఇంగ్లీషు చక్కగా రాసిన కాగితం తెలుగు దగ్గర మీసాలు చూపించడం నాకు చాలాసార్లు జరిగింది.

పెన్ను చేతిలో లేనప్పుడు మా బైండింగ్ ఆయన చెప్పిన చిట్కా ఒకటుంది. కాగితం మూల నాలుకకి ఆనిస్తాడు. “నాలికకి అంటుకునిందంటే ఇంకు తాగతాది సార్, జారిందంటే గంజి ఉండాదని లెక్క” అంటాడు. షాపువాడు చూస్తుండగా చేస్తే మాత్రం మనల్ని అదోలా చూస్తాడు, అది మీ ఇష్టం.

కాగితం తేలాక రీము కొని పుస్తకం చేయించుకోండి. నేను మొదట ముచ్చటపడి ఏ4ని మధ్యకి మడిచి కుట్టు బైండింగ్ చేయించాను. పుస్తకం అందంగా వచ్చింది కానీ తెరిస్తే నిలబడదు, చెయ్యి తీయగానే టపీమని మూసుకుంటుంది. ఏ4 కాగితానికి పోగు సాధారణంగా నిలువునా ఉంటుంది, నేను దానికి అడ్డంగా మడత పెట్టించాను. ఇది బైండింగ్ ఆయనే చెప్పాడు, డబ్బులు తీసుకున్నాక. నోట్సుకి స్పైరలే మేలు. వంద కాగితాలు, అంటే రెండొందల పేజీలు, కాగితం ఖర్చు 60 రూపాయలు, పైన స్పైరల్ కూలీ. బల్ల మీద చదునుగా పరుచుకుంటుంది, చెడిన పేజీ తీసేసినా తెలీదు.

గీతలు లేవని బెంగ పడకండి. ఒక కాగితం మీద స్కేలుతో నల్లటి గీతలు గట్టిగా కొట్టి, రాసే పేజీ అడుగున పెట్టుకోండి. 80 జీఎస్ఎంలోంచి అవి బాగానే కనిపిస్తాయి. గీతలు ప్రింట్ తీయించుకోవచ్చు గానీ, జిరాక్స్ పొడి మీద సిరా సరిగ్గా పట్టదు, గీతని తాకిన ప్రతిచోటా అక్షరం తెగుతుంది. నేను ఒక వంద కాగితాలు అలా తగలేశాను.

సగం తప్పు కాగితానిది కాకపోవచ్చు కూడా. మీ పెన్ను ఏదో రాయలేదు. పాళీ మీడియమో బ్రాడో అయితే సిరా ఎక్కువ వదులుతుంది, ఏ చవక కాగితమూ తట్టుకోదు. ఫైన్ పాళీ తీసుకోండి. జపాను పెన్నుల ఫైన్ ఇంకా సన్నం, పైలట్ లాంటివి. సిరా కూడా మరీ ధారగా పారేది వద్దు. నేను రోజూ పోసుకునేది కామ్లిన్ రాయల్ బ్లూ, టీఎన్‌పీఎల్ మీద దానితో ఇంతవరకు గొడవ లేదు. ఐరన్ గాల్ రకం సిరా నాసి కాగితం మీద కూడా తక్కువ పాకుతుంది, కానీ దానిలో పులుపు, అంటే ఆమ్లం, ఉంటుంది, పెన్నులో ఎండిపోనివ్వకుండా తరచూ కడుక్కోవాలి. బద్ధకస్తులకి చెప్పను.

ఎండాకాలం సంగతి కూడా చెప్పాలి. నా దగ్గర చేత్తో చేసిన ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్ను ఒకటుంది, డ్రాపర్‌తో నేరుగా ఒంట్లోకే సిరా పోసే రకం. మే నెలలో తిరుపతి వేడికి, చేతి వేడికి లోపలి గాలి పొంగి, సిరా తక్కువగా ఉన్నప్పుడు పేజీ మధ్యలో టప్పున చుక్క వదులుతుంది. కాగితాన్ని తిట్టకండి. సగానికి తగ్గకముందే నింపేసుకుంటే చాలు. అరచేతి చెమట కూడా కాగితానికి అంటుతుంది, కింది లైన్లలో అక్షరాలు తెగిపోతుంటే అదే కారణం. చేతికింద ఒక కాగితం ముక్క పెట్టుకోండి.

నవంబరు వానల్లో దీనికి పూర్తి వ్యతిరేకం. ఒకసారి రీము విప్పి కిటికీ పక్క అరలో వదిలేశాను. వారం ముసురు పట్టింది. కాగితాలు వంకర్లు పోయాయి, అంతకుముందు నెల చక్కగా రాసిన కాగితమే మీసాలు మొలిపించింది. తప్పు కాగితానిదనుకుని ఇంకో రీము కొన్నాను కూడా. రీము పైన చుట్టి ఉండే కవరు తడి లోపలికి పోకుండా చేసిందే, చించి పారెయ్యకండి. కావలసినన్ని తీసుకుని కవరు మడిచి బీరువాలో పెట్టండి, గోడకి ఆనించకుండా.

ఎక్కువ మొత్తంలో కావాలంటే చెన్నైలో ప్యారీస్ కార్నర్ దగ్గర ఆండర్సన్ వీధి కాగితానికి పెట్టింది పేరు, ఎన్ని రకాలు కావాలన్నా చూడొచ్చు. కాకపోతే రెండు రీములు దాదాపు ఐదు కిలోలు. సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో సీటు దొరక్క, ఆ సంచీ భుజాన వేసుకుని అరక్కోణం దాకా నిలబడి వచ్చాను ఒకసారి. పని మీద ఎలాగూ చెన్నై వెళ్తుంటే సరే గానీ, కాగితం కోసమే వెళ్ళొద్దు. ముందు మీ వీధి చివర జిరాక్స్ షాపులో రెండు కాగితాలు అడిగి చూడండి. ఏ కాగితం ఎలా రాసిందో, మీ పెన్ను పాళీ ఏ సైజో ఇక్కడే కింద రాయండి, చూసి చెబుతాను.