తీగల ముచ్చట: ఆంప్ కొనే ముందు స్టూల్ ఎక్కించి చూడు

ప్రశ్న: అన్నా, మాది కాజీపేట. మూడేండ్ల సంది ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తున్న, ఆదివారం చర్చిల, అప్పుడప్పుడు పెండ్లి ఆర్కెస్ట్రాల. నా దగ్గర 15 వాట్ల ప్రాక్టీస్ ఆంప్ (గిటార్ సౌండ్ పెంచే డబ్బ) ఉంది, 8 ఇంచుల స్పీకర్. ఇంట్ల వాయిస్తే మస్తుంటది, చర్చిల డ్రమ్స్, బేస్, కీబోర్డ్ కలిసినంక నా గిటార్ ఎటు పోయిందో తెల్వది, వాల్యూమ్ పెంచితే జుయ్ అంటది. ఒకలు పెడల్ కొనుమంటున్రు, ఒకలు పికప్ మార్చుమంటున్రు, ఇంకొకలు ఆంపే మార్చుమంటున్రు. 12 వేలున్నయి, ఏం కొనాలె?

జవాబు: తమ్మీ, ఆ 12 వేలు ఒక నెల ముట్టకు. నువ్వు రాసింది చదివితే గిటార్‌ది గానీ, తీగల కింద ఉండి వాటి ఊపును కరెంట్ చేసే పికప్‌ది గానీ తప్పు కనిపిస్తలేదు నాకు. ఎంత మంచి పికప్ ఉన్నా, ముంగట కాలితోని నొక్కి సౌండ్ మార్చే పెడళ్లు ఎన్ని పెట్టినా, జనం చెవుల పడేది ఆఖరుకు స్పీకర్ కాగితం ఊపిన గాలే, అందుకే టోన్ బాగలేదు అంటే నేను స్పీకర్ కాడ్నుంచి మొదలుపెట్టి గిటార్ దిక్కు వెనుకకు వస్త. చానామంది ఉల్టా చేస్తరు, పైసలన్నీ గిటార్ మీద పెట్టి ఖతం అయినంక స్పీకర్ యాదికొస్తది.

ముందుగాల ఆంప్ ఏడ పెట్టినవో చూడు. నేల మీద పెట్టి దాని ముంగట నిలబడితే అది నీ మోకాళ్లకు వాయిస్తది. ట్రెబుల్, అంటే సన్నటి సౌండ్, టార్చిలైట్ వెలుగు లెక్క సీదా పోతది, నీ చెవి దాకా ఎక్కదు, నువ్వేమో చాలలేదని నాబ్ తిప్పుతనే ఉంటవు, మూడో బెంచీ మీద కూసున్నోళ్ల చెవుల్లో సూదులు గుచ్చినట్టు ఉంటది. నేల, గోడ మూల కలిసి బేస్‌ను, అంటే బరువు సౌండ్‌ను, కూడా ఉబ్బిస్తయి. కర్ర స్టూల్ మీద పెట్టు, లేదంటే ముంగటి అంచు కింద ఇటుక పెట్టి నీ మొఖం దిక్కు ఎత్తు. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, గలగలమంటది. నేను కూడా రెండేండ్లు నేల మీదనే పెట్టి వాయించిన, హన్మకొండల మేం ప్రాక్టీస్ చేసే రూంలకు ఒక వానాకాలం నీళ్లొస్తే తడుస్తదని ఆంప్‌ను స్టూల్ ఎక్కించినం, నా సౌండ్ నాకు సరిగ్గ ఇనపడ్డది ఆ రోజే, ట్రెబుల్ 8 మీద ఉండేది 5కు దించిన, మళ్ల ఇప్పటిదాక పెంచలే.

ఇగ మిడ్, అంటే బేస్‌కు, ట్రెబుల్‌కు నడుమ ఉండే సౌండ్. నీ అసలు కష్టం ఇక్కడనే ఉందని నా నమ్మకం. 1933ల అమెరికాల బెల్ ల్యాబ్స్‌ల ఫ్లెచర్, మన్సన్ అని ఇద్దరు కొలిచి చూపెట్టిన్రు, సౌండ్ చిన్నగున్నప్పుడు మన చెవి బేస్‌ను సరిగ్గ పట్టదు. ఇంట్ల అమ్మానాన్న పండుకున్నంక చిన్నగ పెట్టుకొని వాయిస్తవు, బేస్ చాలదు కాబట్టి బేస్, ట్రెబుల్ పెంచి మిడ్ కోస్తవు, కమ్మగ ఇనపడ్తది, అదే సెట్టింగ్‌తోని చర్చికి పోతవు. అక్కడ కింది జాగ బేస్ గిటార్, కిక్ డ్రమ్ ఆక్రమించుకుంటయి, పైజాగ సింబల్స్‌ది, నడుమ గిటార్‌కు ఉన్న జాగను నువ్వే కోసేసుకున్నవు, ఇగ ఎట్ల ఇనపడాలె? బేస్ 4, మిడ్ 7, ట్రెబుల్ 5 పెట్టు, గెయిన్ (సౌండ్‌కు గరుకు పెంచే నాబ్) సగానికి తగ్గించు. ఒక్కనివే వాయిస్తే ముక్కుతోని పాడినట్టు అనిపిస్తది, భయపడకు, బ్యాండ్‌ల కలిసినంక అదే గిటార్ అనిపిస్తది. జుయ్ అనేది కూడా చానా మటుకు గెయిన్ తగ్గిస్తేనే పోతది.

వాట్ల ముచ్చట ఒకటి చెప్పాలె. 15 నుంచి 30 వాట్లకు పోతే సౌండ్ రెండింతలు అయితదనుకుంటరు, కాదు, పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి జరంత తేడా. అదే 3 డెసిబెల్స్ 97 సెన్సిటివిటీ (ఒక వాట్‌కు ఎంత సౌండ్ ఇస్తదో ఆ లెక్క) ఉన్న స్పీకర్ తీసి 100 ఉన్నది పెట్టినా వస్తది. అసలు చర్చిల మైక్ సిస్టం ఉంది గద, పాటకు వాడే మైక్ ఒకటి అడిగి ఆంప్ ముంగట పెట్టు. సెల్‌ఫోన్ టార్చ్ కొట్టి జాలీ బట్టల నుంచి చూస్తే స్పీకర్ నడుమ గుండ్రటి మూత కనిపిస్తది, సరిగ్గ దాని నడుమ పెడితే గీకినట్టు వస్తది, మూత అంచు కాగితాన్ని కలిసే కాడ పెట్టు, జాలీకి ఒక ఇంచు దూరం. అరించు అటూ ఇటూ జరిపితే టోన్ ఎంత మారుతదో నువ్వే చూస్తవు, వేలు పోసి కొన్న పెడల్ కూడా అంత మార్చదు.

స్ట్రింగ్స్ ఎప్పుడు మార్చినవో రాయలేదు. మన దగ్గర ఏప్రిల్, మే చెమటకు మూడు వారాలల్లనే నల్లగైతయి, వాయించినంక పొడిబట్టతోని తుడువు. కేబుల్ 10 మీటర్లది వాడుతుంటే 5 మీటర్లకు రా, పొడుగు పెరిగినకొద్దీ పికప్ ట్రెబుల్ దాంట్లనే చస్తది.

ఇవన్నీ చేసి నెలైనంక కూడా సన్నగనే ఉందనిపిస్తే అప్పుడు పైసలు తియ్యి, సెకండ్ హ్యాండ్ల 12 ఇంచుల స్పీకర్ ఉన్న కాంబో (ఆంప్, స్పీకర్ ఒకటే పెట్టెల ఉండేది) చూడు, నీ గిటార్ నువ్వే పట్టుకపోయి వాయించి కొను. ఆ పాత ఆంప్‌కే పెద్ద స్పీకర్ కలుపుతా అంటే వెనుక ఎన్ని ఓమ్స్ (కరెంట్‌కు స్పీకర్ ఇచ్చే అడ్డు లెక్క) అని రాసుందో చూసి కలుపు, 8 అని ఉన్నకాడ 4 తగిలిస్తే ట్రాన్సిస్టర్ ఆంప్ కాలిపోవచ్చు. పెడల్ అన్నిటికన్న ఆఖరు. కొంటే ట్యూబ్ స్క్రీమర్ రకం ఓవర్‌డ్రైవ్ (సౌండ్‌కు జర గరుకు తెచ్చే పెడల్) తీసుకో, అది 700 హెర్ట్జ్ చుట్టుపక్కల మిడ్‌నే లేపుతది, డ్రైవ్ తక్కువ, లెవెల్ ఎక్కువ పెట్టి వాడు.

ప్రశ్న: అన్నా, హన్మకొండల కాలేజీ బ్యాండ్‌ల గిటార్ వాయిస్త, పాడుత కూడా. ఆంప్ ఆన్ చేస్తే బుర్ర్ అని హమ్, తీగల మీద చెయ్యి పెడితే తగ్గుతది. మొన్న పాడుతుంటే మైక్‌కు పెదవి తగిలి జిల్లుమన్నది. వాయించనప్పుడు సౌండ్ కట్ చేసే నాయిస్ గేట్ కొనాల్నా?

జవాబు: చెల్లె, ఏం కొనకు, ముందుగాల ఆ కరెంట్ బోర్డుకు తగిలించి వాయించుడు ఆపు. హమ్ వేరు, పెదవికి జిల్లుమన్నది వేరు. తీగలను చెయ్యి పట్టుకున్నది, పెదవి మైక్‌ను తాకింది, రెండిటి నడుమ కరెంట్ నీ ఒంట్ల నుంచి పోయింది, అంటే ఏదో ఒక దానికి ఎర్తింగ్ లేదు. ఇట్లనే స్టేజీల మీద పాణాలు పోయినయి, చిన్నగ తీసుకోకు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి సాకెట్ల ఎర్త్ నిజంగ ఉందా లేదా చూపియ్యి, పిన్ను ఉన్నంత మాత్రాన లోపల ఎర్త్ తీగ ఉన్నట్టు కాదు. మన పాత బిల్డింగులల్ల ఎర్త్ గుంత ఉప్పు, బొగ్గు పోసి చేసి ఉంటది, ఎండకాలం ఎండిపోతే పనిచేయదు, నీళ్లు పోయాలె. మైక్ మిక్సర్, నీ ఆంప్ రెండూ ఒకటే ఎర్త్ ఉన్న బోర్డు నుంచి తీసుకోండ్రి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ (కరెంట్ లీకైతే తనంతట తనే బంద్ చేసే స్విచ్) పెట్టియ్యుమని కాలేజీల గట్టిగ అడుగుండ్రి. హమ్ పోతదని మూడో పిన్ను విరగ్గొట్టేటోళ్లున్నరు, ఆ పని ఎవ్వల్ని చెయ్యనియ్యకు.

ఇదంత సరిచేసినంక కూడా సన్నగ హమ్ మిగిలితే అది సింగిల్ కాయిల్ (ఒకటే తీగ చుట్ట ఉన్న) పికప్ గుణం, చుట్టుపక్కల 50 హెర్ట్జ్ కరెంట్‌ను పట్టుకుంటది. ఎల్ఈడీ లైట్లు, ఫ్యాన్ రెగ్యులేటర్ ఒక్కొక్కటే బంద్ చేసి చూడు, గిటార్ పట్టుకొని నిలబడ్డ కాడ్నే మెల్లగ తిరిగి చూడు, ఒక దిక్కు తిరిగితే తగ్గుతది.

ప్రశ్న: కరీంనగర్ నుంచి రాస్తున్న. అమెరికాల ఉన్న మా తమ్ముడు ట్యూబ్ ఆంప్ (ట్రాన్సిస్టర్ల బదులు గాజు ట్యూబులతోని నడిచేది) తెస్తా అంటున్నడు. తెప్పించుకోవచ్చునా?

జవాబు: అన్నా, తెప్పించుకోండ్రి, కాని పెట్టె విప్పంగనే ప్లగ్ పెట్టకుండ్రి. అక్కడిది 120 వోల్ట్‌లది, మనది 230. కొన్నిటికి వెనుక వోల్టేజ్ మార్చే స్విచ్ ఉంటది, లేకుంటే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలె, ఆంప్ వెనుక రాసిన వాట్ల కన్న జర ఎక్కువది, ఎర్త్ కలిపి ఉన్నది తీసుకోండ్రి. ట్యూబ్ ఆంప్ అసలు రుచి వాల్యూమ్ లేపినప్పుడే వస్తది, 15 వాట్లదైనా ఇంట్ల గోడలు అదురుతయి, కాబట్టి ఇంటికైతే 5 వాట్ల లోపుది తెమ్మనుండ్రి. ఖరాబ్ అయితే మూత మీరు తియ్యకుండ్రి, లోపల 300, 400 వోల్ట్‌లుంటయి, ప్లగ్ పీకినంక కూడా కెపాసిటర్లల్ల కరెంట్ ఉండిపోతది.