పేపరు కనిపిస్తోంది, పంటు అంచు కనిపించడం లేదు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా మావయ్యగారికి 69 ఏళ్ళు. కొబ్బరి తోట చూసుకుంటారు. షుగరు ఉంది. కళ్ళద్దాలు లేనిదే పేపరు చదవలేని మనిషి, ఈ మధ్య అద్దాలు తీసేసి చదివేస్తున్నారు. చూపు తిరిగొచ్చిందని ఒకటే సంబరం. కానీ మొన్న సఖినేటిపల్లి రేవులో ఏరు దాటించే పంటు ఎక్కుతూ అంచు కనిపించక తూలారు. రాత్రిపూట ఎదురుగా బండి లైటు పడితే కళ్ళు చెదిరిపోతున్నాయంటారు. శుక్లమేమో అంటే, ‘ముదరనీ, అదీ ఎండాకాలం వెళ్ళాక చూద్దాం’ అంటున్నారు. ఏం చెయ్యమంటారు?
– ఒక కోడలు, రాజోలు మండలం

జవాబు: అమ్మా, మీ అనుమానమే నిజమయ్యే అవకాశం ఎక్కువ. నలభై దాటాక కంట్లోని కటకం (లెన్స్) మెత్తదనం తగ్గి, దగ్గరివాటి మీద చూపు కుదరదు. ప్లస్ అద్దాలు అందుకే. శుక్లం కటకం మధ్యభాగంలో మొదలైతే అది గట్టిపడి, వెలుతురును ఇంకా ఎక్కువగా వంచుతుంది. కంటి పవరు మైనస్ వైపు జరుగుతుంది. ఆ మైనస్, పాత ప్లస్‌ను కొట్టేస్తుంది. అందుకే పేపరు కనిపిస్తోంది, దూరం మసకేస్తోంది. ఈ సంబరం కొంతకాలమే. శుక్లం పెరిగితే పేపరూ కనిపించదు. ఆయన ఆనందం చూసి గట్టిగా చెప్పలేకపోతున్నారని మీ ఉత్తరంలోనే తెలుస్తోంది. అయినా చెప్పండి.

‘ముదరాలి’ అన్నది పెద్దవాళ్ళు ఊరికే అన్న మాట కాదు. ఒకప్పుడు కటకం మొత్తం తీసేసి, కుట్లు వేసి, +10 దాకా ఉండే సోడాబుడ్డి కళ్ళద్దాలు ఇచ్చేవారు. చూపు దాదాపు పోయాకే ఆ ఆపరేషన్ వల్ల లాభం. కంటి లోపల కృత్రిమ కటకం పెట్టడం 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీతో మొదలైంది. అది మామూలు చికిత్సగా మారాక ముదిరేదాకా ఆగాల్సిన పని లేదు. బాగా ముదిరి రాయిలా అయితే తీయడమే కష్టం. రోజువారీ పనికి అడ్డం వస్తోందా అన్నదే చూడాలి. పంటు దగ్గర తూలారంటే వస్తున్నట్టే. ఎండాకాలమైనా, వానాకాలమైనా ఆపరేషన్‌కు తేడా లేదు. పుండు మానేదాకా కంట్లో కాలవ నీళ్ళు, చెరువు నీళ్ళు పడకూడదు, అంతే. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ ఆపరేషన్ ఉచితంగా చేస్తారు.

ఒక సంగతి ముందే చెప్పి ఉంచండి. మామూలుగా పెట్టే కటకం దూరపు చూపుకు సరిపోయేది. ఆపరేషన్ అయ్యాక పేపరుకు మళ్ళీ అద్దాలు కావాలి. ఇది చెప్పకపోతే ఆపరేషన్ చెడిందని ఆయన టెన్షన్ పడతారు.

షుగరు విషయం ఇంకా ముఖ్యం. షుగరు బాగా పెరిగినా పవరు మారిపోతుంది, కాబట్టి అది అదుపులోకి రాకుండా కొత్త అద్దాలు చేయించకండి. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేయించి, కంటి లోపల వెనకవైపు ఉండే పొర రెటీనాను చూపించండి. అక్కడి రక్తనాళాలు దెబ్బతింటున్నా మొదట్లో నొప్పి ఉండదు, మసకా ఉండదు. రెటీనా పాడైతే శుక్లం తీసినా చూపు పూర్తిగా రాదు. ఈ పరీక్ష ఏటా చేయించాలి. చుక్కలు వేసిన రోజు ఆయన్ను బండి నడపనివ్వకండి.

ప్రశ్న: దాళ్వా కోతల్లో మావారి కంట్లో వరి కంకి గుచ్చుకుంది. అత్తగారు ఆముదం వేశారు. మందుల షాపులో ఇచ్చిన చుక్కలతో ఎరుపు తగ్గినట్టే తగ్గి, నొప్పి ఎక్కువైంది. నల్లగుడ్డు మీద తెల్లగా మచ్చ కనిపిస్తోంది. ఏ మందు వాడాలి?
– ఒక సోదరి, ఆచంట

జవాబు: అమ్మా, ఇది అచ్చయ్యేదాకా ఆగకుండా మీకు ఫోన్ చేయించాను. ఆయన్ను ఆసుపత్రిలో చేర్చారని తెలిసింది. కోతలకు వెళ్ళే మిగతా ఇళ్ళవాళ్ళ కోసం ఇక్కడ రాస్తున్నాను.

వరి ఆకు, కంకి, ఊక గీరుకుంటే ఆ గీత గుండా ఫంగస్ లోపలికి పోయి నల్లగుడ్డు మీద పుండు పడుతుంది. షాపులో ఇచ్చే చుక్కల్లో చాలాసార్లు స్టెరాయిడ్ ఉంటుంది. అది ఎరుపు తగ్గిస్తుంది, లోపల ఫంగస్‌ను పెంచుతుంది. పుండు మానినా ‘పువ్వు’ మిగిలిపోయి చూపు పోవచ్చు. ఆముదం, చనుబాలు, ఆకు పసరు ఏదీ వద్దు. కన్ను నులమకండి, శుభ్రమైన నీళ్ళతో కడిగి అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. పుండును కొద్దిగా గీకి మైక్రోస్కోపులో చూస్తేనే ఏ మందు వేయాలో తెలుస్తుంది. ఫంగస్ అయితే నాటమైసిన్ లాంటి చుక్కలు వారాల తరబడి వేయాల్సి వస్తుంది. అప్పటికే ఏవైనా చుక్కలు వాడి ఉంటే ఆ సీసా కూడా పట్టుకెళ్ళండి.