హగి కప్పులో నెరియలు కనిపిస్తే ఏమి చేయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీ అన్నయ్య జపాన్ నుంచి చేతితో చేసిన హగి కాఫీ కప్పు, అంటే హగి అనే ఊరి పేరున్న మట్టికప్పు, తెచ్చారు. నెల తిరిగేసరికి లోపలి గీతలు గోధుమ రంగుకు మారాయి. కాఫీ పోసినప్పుడు ఒకటి రెండుసార్లు ‘టిక్’ మని చప్పుడైంది. అడుగు అంచు ఒకచోట తెగి ఉంది, కప్పు పెట్టినచోట బల్ల మీద తడి మరక కూడా పడింది. పగిలిన సరుకు అంటగట్టారేమోనని మీ అనుమానం.

మీ కప్పు పగిలిపోలేదు. పారేయకండి, అద్దాల బీరువాలో దాచిపెట్టనూ వద్దు. మీరు చెప్పిన నాలుగు లక్షణాలూ హగి మట్టివే.

నేను హిరోషిమాలో నాలుగేళ్లు ఉద్యోగం చేశాను. అక్కడి నుంచి షిన్‌కాన్‌సెన్ (బుల్లెట్ రైలు)లో షిన్ యమగుచి స్టేషనుకు వెళ్లి, ఆ తర్వాత గంటకు పైగా బస్సులో కొండలు దాటితే హగి వస్తుంది. జపాన్ సముద్రం ఒడ్డున ఉన్న చిన్న ఊరు. 1592 నుంచి 1598 వరకు అప్పటి జపాన్ పాలకుడు హిదెయోషి కొరియా మీద చేసిన యుద్ధాల్లో అక్కడి కుమ్మరులను జపాన్‌కు తీసుకొచ్చారు. తమంతట తాము వచ్చినవారు కారని గుర్తుంచుకోవాలి. 1604లో ఆ ప్రాంతపు ప్రభువు మోరి తెరుమోతో తన కోటను హగికి మార్చినప్పుడు ఆ కొరియా కుమ్మరుల చేతులతోనే అక్కడ బట్టీలు మొదలయ్యాయి. తేనీటి గిన్నెల్లో ‘మొదట రాకు, రెండు హగి, మూడు కరాట్సు’ అని జపాన్‌లో ఒక మాట ఉంది. రాకు, కరాట్సు కూడా హగిలాగే మట్టిపాత్రల రకాలు. ఆ వరసలో రెండో స్థానం తెచ్చిన మట్టే ఇప్పుడు మీ బల్ల మీద ఉంది.

ఆ గీతలను జపనీయులు ‘కన్‌న్యూ’ అంటారు. బట్టీ చల్లారేటప్పుడు మట్టి కొంత కుంచించుకుంటుంది, దాని మీది గాజుపూత అంతకన్నా ఎక్కువ కుంచించుకుంటుంది. కింది మట్టి అంతగా లొంగదు కాబట్టి పూతలో నెరియలు పడతాయి. ఎండిన చెరువు అడుగున పైపొర నెరియలు తీసినట్టే. బట్టీ నుంచి తీశాక కూడా కొన్నాళ్లు ఈ నెరియలు పుడుతూనే ఉంటాయి. మీరు విన్న ‘టిక్’ చప్పుడు అదే. హగి మట్టి గుల్లగా ఉంటుంది, కాలినా పూర్తిగా బిగుసుకోదు. కాఫీ, తేనీరు ఆ నెరియల గుండా మట్టిలోకి దిగి రంగు మారుస్తాయి. వాడేకొద్దీ వచ్చే ఈ మార్పులకు ‘హగి ఏడు రూపాలు’ అని ముద్దుపేరు. ఏడు అంటే ఇక్కడ లెక్క కాదు, చాలా అని అర్థం.

అడుగున తెగిన చోటును వేలితో తడిమి చూడండి. నున్నగా, కావాలని కోసినట్టు ఉంటే అది కుమ్మరి పెట్టిన గాటే. కోటకు చెందిన మేలిరకం పాత్రలను సామాన్యులు వాడకూడదు కాబట్టి, గాటు పెట్టి ‘లోపమున్న సరుకు’గా చేసి వారికి అమ్మేవారని ఒక కథ చెబుతారు. కొరియా కుమ్మరుల అలవాటు నుంచి వచ్చిందనేవారూ ఉన్నారు. నాకు రెండోదే సబబుగా తోస్తుంది.

ఇక తడి మరక. దీనికి మందు మన వంటింట్లోనే ఉంది. హగిలో నేను కప్పు కొన్న షాపులో ఒక పెద్దావిడ, బియ్యం కడిగిన నీళ్లలో దీన్ని మరిగించమని చెప్పినప్పుడు నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చి గొంతు పట్టేసింది. కొత్త మట్టికుండను గంజితో పదును చేశాకే ఆవిడ పొయ్యి మీద పెట్టేది. ఎక్కడి హగి, ఎక్కడి మా ఊరు! చిక్కటి కడుగు నీళ్లు లేదా పలుచటి గంజి గిన్నెలో పోసి, కప్పును చల్లగా ఉన్నప్పుడే అందులో ముంచండి. సన్నని సెగ మీద ఇరవై నిమిషాలు ఉంచి, ఆ నీళ్లలోనే పూర్తిగా చల్లారనివ్వండి. మరిగే నీళ్లలో మాత్రం ఒక్కసారిగా వేయకండి, నిజంగానే పగులుతుంది. గంజిలోని పిండి మట్టి రంధ్రాల్లో చేరి ఊట తగ్గిస్తుంది. తర్వాత కడిగి రెండు రోజులు ఆరబెట్టండి.

రోజూ కాఫీ పోసేముందు కప్పును రెండు మూడు నిమిషాలు మంచినీళ్లలో ఉంచండి. మట్టి ముందే నీళ్లు తాగేస్తే కాఫీని తక్కువగా పీలుస్తుంది. ఇది మనకు మరీ ముఖ్యం, ఎందుకంటే మనం తాగేది పాల కాఫీ. పాలు నెరియల్లో నిలిచిపోతే వాసన పట్టడం ఖాయం. తాగిన వెంటనే కడగండి. సబ్బు నీళ్లలో నానబెట్టవద్దు, ఆ వాసనను కూడా మట్టి పీల్చుకుంటుంది. డిష్‌వాషరు, మైక్రోవేవ్ వద్దు. పిడి పట్టుకుని కొక్కేనికి వేలాడదీయడమూ వద్దు, అతికించిన చోటే అన్నిటికన్నా బలహీనం.

అన్నిటికీ మించి ఆరబెట్టడం. జపాన్‌లో జూన్, జూలై నెలల వానల కాలంలో నేను కడిగిన కప్పును తడితోనే అలమరలో మూసిపెట్టి సెలవుకు వచ్చేశాను. తిరిగి వెళ్లేసరికి అడుగున నల్లటి బూజు మచ్చలు. గోరువెచ్చని నీళ్లలో వంటసోడా కలిపి రాత్రంతా నానబెడితే వాసన పోయింది గానీ ఒక మచ్చ మిగిలింది. ఇప్పుడు కప్పును బోర్లించకుండా, అడుగుకు గాలి తగిలేలా వెదురు చాప మీద పక్కకు వాల్చి ఆరబెడతాను. మీది కోస్తా ఊరైతే ఒక పూట కాదు, ఒక రోజంతా ఆరనివ్వండి.

గంజి పెట్టాక కూడా పదిహేను రోజులు ఊట తగ్గకపోతే, లోపలి గీతల మీద గోరు నడిపి చూడండి. గోరు ఒకచోట తట్టుకుని, వెలుపల సరిగ్గా అక్కడే గీత ఉంటే అప్పుడది నిజమైన పగులు. అలాంటి కప్పులో వేడివి పోయకండి.