‘కొట్టేశారు’ అంటే గెలిచినట్టా, ఓడినట్టా?

సందేహం: మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ. ఇంట్లో తెలుగు, ఆఫీసుల్లో మరాఠీ. మా బావమరిదికి సెషన్స్ కోర్టులో శిక్ష పడితే నాగ్‌పూర్ హైకోర్టులో అప్పీలు వేశాం. మొన్న అక్కణ్ణుంచి తమ్ముడు ఫోన్ చేసి ‘అన్నా, కొట్టేసిండ్రు’ అన్నాడు. శిక్ష పోయిందనుకుని మా అత్తగారు వాడంతా చక్కెర పంచింది. కొట్టేసింది అప్పీలునని సాయంత్రానికి తెలిసింది. ‘కేసు కొట్టేశారు’ అంటే మంచి కబురే కదా, మరి ఇదేమిటి?

సమాధానం: ఆ చక్కెర సంగతి చదివాక కాసేపు ఇంకో ఉత్తరం విప్పలేకపోయాను. తప్పు మీ అత్తగారిది కాదు, మీ తమ్ముడిదీ కాదు. ఆ వాక్యంలో కర్మ, అంటే దేన్ని కొట్టేశారో చెప్పే మాట, లేదు. మన మాటల్లో కర్మను వదిలేయడం మామూలే, ‘తిన్నావా’ అంటే అన్నమని తెలిసిపోతుంది. కోర్టు సంగతుల్లో మాత్రం అలా తెలియదు.

పలక మీదో చిట్టాలోనో రాసినదానికి అడ్డగీత పెట్టడమే కొట్టివేత. రాసింది ఇక చెల్లదని దాని అర్థం. కాబట్టి అడగాల్సింది ఒకటే: గీత ఎవరి కాగితం మీద పడింది? కేసు ప్రభుత్వం పెట్టింది, దాన్ని కొట్టేస్తే ముద్దాయికి మేలు. అప్పీలు మీరు పెట్టుకున్నది, దాన్ని కొట్టేస్తే కింది కోర్టు తీర్పు అలాగే నిలుస్తుంది. అదే, కింది కోర్టు వదిలేసిన మనిషి మీద ప్రభుత్వం అప్పీలుకు వెళ్ళిందనుకోండి. అప్పుడు ‘అప్పీలు కొట్టేశారు’ అంటేనే చక్కెర పంచుకోవాలి.

మరాఠీలో ఈ చిక్కు రాదు. అప్పీలును ‘ఫేటాళలే’ అంటారు, మనిషి విడుదలైతే ‘నిర్దోష్ ముక్తతా’ అంటారు. ఉర్దూ నుంచి వచ్చిన కచేరీ మాటలూ అంతే. కాగితం ఖారిజవుతుంది, అంటే తోసిపుచ్చుతారు; మనిషి బరీ అవుతాడు, అంటే నిర్దోషిగా విడుదలవుతాడు. మనకూ మాటలకు కరువు లేదు: అప్పీలు తోసిపుచ్చారు, శిక్ష రద్దు చేశారు, నిర్దోషిగా విడుదల చేశారు. ఇన్ని ఉండగా అన్నిటికీ ‘కొట్టివేత’ అని హెడ్డింగు పెట్టే పత్రికల మీద నాకు కోపమే. జైల్లో మనిషి ఉన్న ఇంట్లో ఆ హెడ్డింగును ఎలా చదువుకుంటారో ఒక్కసారి ఆలోచించాలి.

వకీలు ఫోన్లో చెప్పే ఇంగ్లీషు మాటల్లోనూ ఇలాంటి చిక్కే ఉంది. అప్పీలు ‘అడ్మిట్’ అయిందంటే వినడానికి తీసుకున్నారంతే, గెలిచినట్టు కాదు. ‘అలౌ’ అంటే ఒప్పుకున్నారు. ‘పార్ట్‌లీ అలౌ’ అంటే కొంతవరకే, అంటే నేరం అలాగే ఉండి శిక్ష మాత్రం తగ్గి ఉండవచ్చు. ‘డిస్మిస్’ అంటే తోసిపుచ్చారు.

మీరు అడగకపోయినా ఒక మాట చెప్పాలి. అప్పీలు పోయినంత మాత్రాన దారి మూసుకుపోలేదు. రాజ్యాంగం 136వ అధికరణం కింద, అక్కడ అప్పీలు చేసుకోవడానికి సుప్రీంకోర్టును ప్రత్యేక అనుమతి కోరవచ్చు. మామూలుగా దీనికి గడువు హైకోర్టు తీర్పు నుంచి 90 రోజులు. 1978 నాటి హోస్కాట్ కేసు మీ మహారాష్ట్ర నుంచి వెళ్ళిందే. హైకోర్టు తీర్పు నకలు తనకు అందలేదంటూ ఆ ఖైదీ నాలుగేళ్ళకు పైగా ఆలస్యంగా సుప్రీంకోర్టుకు వచ్చాడు. అప్పుడు ఆ కోర్టు ప్రాణానికీ స్వేచ్ఛకూ రక్షణ ఇచ్చే 21వ అధికరణాన్ని చూపించి గట్టిగా చెప్పింది: జైల్లో ఉన్నవాడికి తీర్పు నకలు సకాలంలో, ఉచితంగా అందాలి, ముట్టినట్టు అతని దగ్గర రాతపూర్వకంగా తీసుకోవాలి, లాయరును పెట్టుకోలేకపోతే ఉచితంగా లాయరు సాయం అందాలి. ఇవి దయతో ఇచ్చేవి కావు, హక్కులు.

నకలు మీ బావమరిది చేతికి అందిందో లేదో ముందు కనుక్కోండి. అందితే చివరి పేరా తెలుగులో చెప్పించుకోండి, ఏది కొట్టేశారో అక్కడ ఉంటుంది. మీ అత్తగారికి కూడా మీరే పక్కన కూర్చుని, కర్మతో సహా చెప్పండి: ‘అప్పీలు తోసిపుచ్చారత్తమ్మా, సుప్రీంకోర్టుకు వెళ్ళడానికి ఇంకా గడువుంది.’