ఇంటర్వ్యూకి ఒక్కదానివే కూర్చుని ప్రిపేర్ అవ్వకు చెల్లీ

నన్ను అక్కా అన్నావు కాబట్టి చనువుగా నువ్వనే రాస్తున్నాను. ఎం.ఎస్. అయిపోయింది, ఓపీటీ (చదువయ్యాక కొంతకాలం అక్కడ పనిచేసుకోనిచ్చే అనుమతి) మీద ఉన్నావు, అమెరికాలోనే పెద్ద రిటైల్ కంపెనీ ఒకటి సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ ఉద్యోగానికి పిలిచింది, ఇంకా పన్నెండు రోజులుంది. ఎన్ని కోడింగ్ ప్రాబ్లమ్స్ చెయ్యాలి, ఏ కోర్సు కొనుక్కోవాలి అని అడిగావు. వాటికంటే ముందు నేనొకటి అడుగుతాను. నిన్న ఎవరితోనైనా ఒక పది నిమిషాలు నోరు తెరిచి మాట్లాడావా?

2010లో నేనూ ఇలాంటి ఇంటర్వ్యూకే తయారయ్యాను. రూమ్మేట్లు ఇద్దరికీ ఉద్యోగాలొచ్చి వేరే ఊళ్ళకి వెళ్ళిపోయారు. నేను తలుపేసుకుని మూడు వారాలు ప్రాబ్లమ్స్ చేశాను. గోడ నిండా కాగితాలు అంటించుకున్నాను. నా గొంతు విని అమ్మ కంగారు పడుతుందని ఇంటికి ఫోన్ చెయ్యడం కూడా తగ్గించేశాను. ఇంటర్వ్యూ ఫోన్‌లోనే. ఆ రోజు పొద్దున్న ఫోన్ మోగితే ఎత్తి హలో అన్నాను. గొంతు పెగల్లేదు. నీళ్ళు తాగి మళ్ళీ హలో అన్నాను. మనిషితో మాట్లాడి నాలుగు రోజులైందని అప్పుడే నాకు తెలిసింది.

టీమ్‌లో ఎవరితోనైనా అభిప్రాయభేదం వచ్చిన సందర్భం చెప్పమన్నాడు అవతలాయన. మా టీమ్‌లో గొడవలే లేవు, మేమంతా కలిసి చేశాం అన్నాను. అదే మంచి జవాబని నా నమ్మకం. "అందులో మీరు చేసిందేమిటి?" అన్నాడు. "మేము డేటాబేస్ మార్చాం" అన్నాను. "సరే, మీరు?" అన్నాడు. మళ్ళీ మేము అనే మొదలుపెట్టాను. మూడోసారి ఆయన అడగలేదు, వేరే ప్రశ్నకి వెళ్ళిపోయాడు. నేను అని చెప్పుకుంటే గొప్పలు పోయినట్టుంటుందని మనకి చిన్నప్పటినుంచీ అలవాటు. నువ్వు రాసిన ఉత్తరంలో కూడా ప్రాజెక్టు గురించి ఐదుసార్లు మేము అన్నావు, లెక్కపెట్టాను.

ఇలాంటి ప్రశ్నలకి స్టార్ పద్ధతి అని ఒకటుంది, నీకు తెలిసే ఉంటుంది. పరిస్థితి ఏమిటి, నీ పని ఏమిటి, నువ్వేం చేశావు, ఏమైంది, ఈ వరసలో జవాబు చెప్పాలి. కొత్తవాళ్ళు మొదటిదాని దగ్గరే మూడు నిమిషాలు గడిపేస్తారు. అది రెండు వాక్యాల్లో ముగించి, నువ్వు చేసిన దగ్గర నిలబడు. అమెజాన్ అయితే తన 16 లీడర్‌షిప్ ప్రిన్సిపుల్స్‌ని సైట్‌లోనే పెట్టింది. మిగతా కంపెనీలు కూడా తమ విలువలేమిటో రాసుకుంటాయి. ఒక్కో విలువకి నీ జీవితంలోంచి ఒక సంఘటన సిద్ధంగా ఉండాలి.

నా రెండో తప్పు దుకాణం గురించి ఆలోచించకపోవడం. ఒక వస్తువు రెండే ఉన్నాయి, ముగ్గురు ఒకేసారి కొను అనే బటన్ నొక్కారు, ఏం చేస్తావు అన్నాడు. లాక్‌లు, ట్రాన్సాక్షన్‌లు అంటూ డేటాబేస్ సంగతులన్నీ గడగడా చెప్పేశాను. "మరి ఆ మూడో మనిషికి ఏం చెబుతారు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మూడు వారాల్లో అసలు మనుషులే గుర్తు రాలేదు నాకు, ఆ మూడో మనిషి ఎక్కణ్ణుంచి గుర్తొస్తాడు?

అందుకే రేపే ఆ కంపెనీ స్టోర్‌కి వెళ్ళి గంటసేపు ఉండు. ఆన్‌లైన్ ఆర్డర్లకి సామాను ఏరేవాళ్ళని గమనించు. తర్వాతెప్పుడో ఒక స్టోర్‌లో ఒకావిడని చూశాను. చేతిలో ఉన్న పరికరం మూడు ఉన్నాయంటోంది, అరలో ఒక్కటీ లేదు. ఆవిడ వెనక అర, కింద అర, పక్క వరుస వెతికి, చివరికి దాని బదులు ఇంకొకటి తీసి బుట్టలో వేసింది. సిస్టమ్‌లో లెక్కకీ అరలో సరుకుకీ తేడా ఎందుకొస్తుందో ఆలోచించు. దొంగతనం, పగిలినవి, తప్పు చోట పెట్టినవి, వాపసు వచ్చి ఇంకా లెక్కకెక్కనివి. పోయిన సరుకుని అక్కడ ష్రింక్ అంటారు. రిటర్న్స్ కౌంటర్ దగ్గర కూడా కాసేపు నిలబడు. అక్కడ పనిచేసేవాళ్ళతో రెండు మాటలు మాట్లాడు, ఇది మరీ ముఖ్యం.

ఈ కంపెనీలకి నవంబర్ చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ నుంచి క్రిస్మస్ దాకా ఊపిరాడదు. అందుకే చాలా రిటైల్ కంపెనీల ఆర్థిక సంవత్సరం జనవరి చివర్లో ముగుస్తుంది, వాల్‌మార్ట్‌ది జనవరి 31న. ఆ రద్దీ తట్టుకోవడానికి నువ్వేం చేస్తావో చెప్పగలగాలి. కంపెనీ వార్షిక నివేదిక ఉచితంగానే దొరుకుతుంది, మొదటి ఇరవై పేజీలు చదివితే చాలు.

రూల్స్ సంగతి క్లుప్తంగా. ఓపీటీలో ఉద్యోగం లేకుండా 90 రోజులే ఉండనిస్తారు, స్టెమ్ పొడిగింపుకి (సైన్స్, ఇంజనీరింగ్ లాంటి డిగ్రీలవాళ్ళకి ఓపీటీ పెంచడానికి) కంపెనీ ఈ-వెరిఫైలో, అంటే ఉద్యోగులకి పని అనుమతి ఉందో లేదో చూసే ప్రభుత్వ వ్యవస్థలో, ఉండాలి. మిగతావి మీ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడుగు. వీసాకి స్పాన్సర్ చేస్తారా అని రిక్రూటర్‌ని మొదటి కాల్‌లోనే అడిగెయ్. ఇంటర్వ్యూలో నీ బదులు వేరేవాళ్ళు మాట్లాడతారు, రెజ్యూమేలో లేని అనుభవం రాస్తాం అనేవాళ్ళ ఫోన్ ఎత్తకు.

ఆ ఉద్యోగం నాకు రాలేదు. తర్వాత మా కింది వాటాలో ఉండే రిటైరైన టీచరమ్మ దగ్గరికి వెళ్ళి, రోజుకి ఇరవై నిమిషాలు నా మాట వింటారా అని అడిగాను. ఆవిడకి కంప్యూటర్ల గురించి ఏమీ తెలియదు. అర్థం కానిచోట చెయ్యెత్తి ఆపేది. మొదటి రోజు పదకొండుసార్లు ఆపింది. నెల తిరిగేసరికి రెండుసార్లు. ఆరు నెలలకి ఇంకో పెద్ద రిటైల్ కంపెనీలో ఒకే రోజు నాలుగు రౌండ్లు కూర్చుని ఉద్యోగం తెచ్చుకున్నాను, ఎవరి సిఫారసూ లేకుండా. ఇప్పుడు ఇంటర్వ్యూలు నేనే చేస్తున్నాను. గదిలో ఒంటరిగా చదివి వచ్చిన పిల్లల్ని మొదటి రెండు నిమిషాల్లోనే పోల్చుకుంటాను. తెలివికి లోటుండదు, మాట మాత్రం ఎండిపోయి ఉంటుంది.

నీకు పన్నెండు రోజులున్నాయి. రోజులో సగం ప్రాబ్లమ్స్‌కి ఇవ్వు, అవీ పైకి చెబుతూ చెయ్యి. సాయంత్రం ఒక గంట మనిషికి ఇవ్వు. పక్కింటివాళ్ళో, క్లాస్‌మేటో, లైబ్రరీలో ఇంగ్లీష్ మాట్లాడించే గ్రూపో, ఎవరైనా సరే. ఇంటికి రోజూ ఫోన్ చెయ్యి, అమ్మ కంగారు పడితే పడనీ.

చివర్లో మీరేమైనా అడుగుతారా అంటారు. టీమ్ ఏ ఊళ్ళో ఉంది, వారానికి ఎన్ని రోజులు ఆఫీసుకి వస్తారు, కొత్తవాళ్ళ పక్కన ఎవరు కూర్చుంటారు అని అడుగు. జీతం ఎలాగూ ఆఫర్ లెటర్‌లో ఉంటుంది, ఇవి మాత్రం నువ్వు అడిగితేనే తెలుస్తాయి.