పెద్ద ఆపరేషన్ అయిన మర్నాడే నడిపించవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు, షుగర్ ఉంది. పెద్దపేగులో క్యాన్సర్ అని తేలడంతో వచ్చే నెలలో ఆపరేషన్ చేస్తామన్నారు. ఆపరేషన్‌కు రెండు గంటల ముందు వరకు మంచినీళ్లు తాగవచ్చని, మర్నాడే లేపి నడిపిస్తామని, ఆ రోజు నుంచే ఆహారం కూడా మొదలుపెడతామని డాక్టరుగారు చెప్పారు. చాలా ఏళ్ల కిందట మా పెద్దమ్మకు ఇలాంటి ఆపరేషనే జరిగితే, గ్యాస్ పోయేదాకా చుక్క నీరు ఇవ్వలేదు, వారం రోజులు మంచం దిగనివ్వలేదు. కుట్లు తెగుతాయేమోనని ఇంటిల్లిపాదీ భయపడుతున్నాం. త్వరగా ఇంటికి పంపేయడానికే ఇలా చేస్తున్నారా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ డాక్టరుగారు చెప్పిన పద్ధతిని ఎన్‌హాన్స్‌డ్ రికవరీ (ఆపరేషన్ తర్వాత త్వరగా కోలుకునేలా చేయడం) లేదా ఈరాస్ అంటారు. 1990లలో డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కేలెట్ పెద్దపేగు ఆపరేషన్లలోనే దీనికి దారి వేశారు. ఆపరేషన్ బాగానే జరిగినా రోగి ఇన్ని రోజులు మంచాన ఎందుకు ఉండిపోతున్నాడని వెతికితే నొప్పి, ఉపవాసం, మత్తుమందుల వల్ల పేగులు మందగించడం, అవసరం తీరాక కూడా ఉంచేసిన గొట్టాలు, కదలకపోవడం వంటివే ప్రధాన కారణాలుగా కనిపించాయి. వాటిని ఒక్కొక్కటిగా తగ్గించుకుంటూ వెళ్లడమే ఈ పద్ధతి.

ముందుగా కుట్ల సంగతి. మనిషి ఏమీ తినకపోయినా లాలాజలం, జీర్ణరసాలు, పైత్యరసం కలిసి రోజుకు కొన్ని లీటర్ల ద్రవం పేగుల్లోకి వస్తూనే ఉంటుంది కాబట్టి, కడుపు మాడ్చినంత మాత్రాన పేగు అతుకుకు, అంటే క్యాన్సర్ ఉన్న భాగం తీసేసి చివరలు కలిపి కుట్టిన చోటుకు, పూర్తి విశ్రాంతి దొరకదు. అతుకు మానడానికి రక్తప్రసరణ, ప్రోటీన్ కావాలి. అందుకే వాంతులు లేకపోతే మొదట ద్రవాలు, తర్వాత ఇడ్లీ, మెత్తని పెరుగన్నం, గుడ్డు వంటివి డాక్టరు చెప్పిన క్రమంలో పెట్టవచ్చు. పత్యం పేరుతో వారాల తరబడి చారన్నంతో సరిపెట్టడం మన ఇళ్లలో ఇప్పటికీ చూస్తున్నాను; క్యాన్సర్ వల్ల అప్పటికే చిక్కిపోయిన మనిషికి అది నిజంగా నష్టం.

ఇక మంచం మీదే ఉంచితే ఊపిరితిత్తుల్లో కఫం చేరి న్యుమోనియా రావచ్చు, కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టవచ్చు. క్యాన్సర్ ఉన్నవారిలో ఈ గడ్డల ముప్పు మామూలు రోగులకంటే ఎక్కువ. అందుకే కొందరికి ఇంటికి వెళ్లాక కూడా మొత్తం 28 రోజుల వరకు రక్తం గడ్డకట్టకుండా పొట్ట చర్మం కింద ఇంజెక్షన్లు కొనసాగిస్తారు. లేపేటప్పుడు చేతులు పట్టుకొని ఒక్కసారిగా లాగకండి. ఆయనను పక్కకు ఒత్తిగిల్లమని, కాళ్లు మంచం కిందికి వేలాడేసి మోచేతి ఊతంతో లేవమని చెప్పండి. కళ్లు తిరగడం లేదని తెలిశాక నర్సు సాయంతో నిలబెట్టండి. దగ్గేటప్పుడు చిన్న దిండును పొట్టకు అదిమి పట్టుకుంటే నొప్పి బాగా తగ్గుతుంది. నొప్పిని ఓర్చుకోవడం గొప్ప కాదని ఆయనకు ముందే నచ్చజెప్పండి, ఎందుకంటే నొప్పి ఉన్న మనిషి నడవడు, గట్టిగా ఊపిరీ తీయడు.

రెండు గంటల ముందు వరకు అన్న మాట మంచినీళ్లకే. పాలు, పాలు కలిపిన కాఫీ, మజ్జిగ ఆహారం కిందికే వస్తాయి. వాటికి కనీసం ఆరు గంటల ఎడం ఉండాలి. కొన్ని చోట్ల ఆపరేషన్‌కు ముందు ఇచ్చే తీపి ద్రవం విషయంలో మాత్రం, షుగర్ ఉంది కాబట్టి, మత్తు డాక్టరును అడగనిదే తాగించకండి.

ఇంకా నెల రోజుల వ్యవధి ఉండటం మీ అదృష్టం. పొగతాగే అలవాటుంటే ఈ రోజే మాన్పించండి, షుగర్ అదుపులోకి తెప్పించండి, రక్తహీనత ఉందేమో చూపించండి, రోజూ నడిపించండి.

త్వరగా పంపేయడానికేనా అన్న మీ అనుమానం సహజమే. కోలుకోకుండా పంపడం ఈ పద్ధతిలో లేదు. తిన్నది ఇముడుతూ, మాత్రలతోనే నొప్పి అదుపులో ఉంటూ, తనంతట తాను బాత్రూముకు వెళ్లి రాగలిగినప్పుడే పంపుతారు. ఆపరేషన్ తర్వాత కీమోథెరపీ అవసరమైతే దాన్ని సాధారణంగా ఎనిమిది వారాల లోపు మొదలుపెట్టాలి. నీరసించి మంచానపడితే ఆ గడువు దాటిపోతుందన్నదే మా అసలు ఆందోళన. ఇంటికి వచ్చాక జ్వరం, పొట్ట ఉబ్బరం, ఆగని వాంతులు, పెరుగుతున్న నొప్పి, ఒక కాలు వాపు, ఆయాసం వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకువెళ్లండి. రాత్రివేళ ఎవరికి ఫోన్ చేయాలో డిశ్చార్జి రోజునే అడిగి రాసుకోండి.