డాక్టర్ సలహా: దయ్యం సినిమా చూశాక పాప పిలిచినా పలకడం లేదు

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది చంద్రగిరి దగ్గర పల్లె. మా పాపకు 16 ఏళ్లు. తిరుపతిలో హాస్టల్‌లో ఉండి ఇంటర్ చదువుతోంది. ‘ది ఎక్సార్సిస్ట్’ అనే పాత ఇంగ్లీషు దయ్యం సినిమాను మళ్లీ రిలీజ్ చేసిన వెర్షన్ ఫ్రెండ్స్‌తో కలిసి చూసిందట. అప్పట్నుంచి మూడు వారాలుగా సరిగ్గా నిద్ర లేదు, లైటు ఆర్పనివ్వదు. ఒక్కోసారి పిలిచినా పలకదు. అట్లే చూస్తూ పెదవులు చప్పరిస్తుంది. ఒకట్రెండు నిమిషాలకు మామూలవుతుంది, ఏమైందని అడిగితే తెలీదంటుంది. రెండుసార్లు గొంతు మార్చి మాట్లాడింది. గాలి సోకిందని ఊళ్లో అంటే అంత్రం కట్టించాం. మా అమ్మ వేసుకునే నిద్రమాత్ర రోజూ సగం ఇస్తున్నాం. ఇట్లాంటి సినిమాలు చూస్తే నిజంగా దయ్యం పడుతుందా? పరీక్షల్లోపు తగ్గుతుందా?

సలహా: మీ ఉత్తరంలో ఎక్కువ భాగం సినిమా గురించే ఉంది. నన్ను ఆపింది మాత్రం మీరు మధ్యలో రెండు ముక్కల్లో రాసి వదిలేసిన సంగతి. పలకకపోవడం, చూపు నిలబడిపోవడం, పెదవులు చప్పరించడం, తర్వాత ఏమీ గుర్తులేకపోవడం. పాపను చూడకుండా ఇది ఫలానా జబ్బు అని చెప్పలేను, చెప్పకూడదు కూడా. కానీ ఇవన్నీ కలిసి వస్తే ఏ డాక్టరైనా ముందు అనుమానించేది ఫిట్స్‌నే.

ఫిట్స్ అంటే కిందపడి కాళ్లూ చేతులూ కొట్టుకోవడం, నోట్లో నురగ రావడం అనే చాలామందికి తెలుసు. కణతల వైపు ఉండే మెదడు భాగంలో, అంటే టెంపొరల్ లోబ్‌లో మొదలయ్యేవి అట్లా ఉండవు. మనిషి కూర్చున్నచోటే ఉంటుంది, కళ్లు తెరిచే ఉంటాయి, చేత్తో చున్నీ అంచు నలుపుతూ ఉంటుంది. కొందరికి అంతకుముందు కడుపులోంచి భయం తన్నుకొస్తుంది, లేని వాసన ముక్కుకు తగులుతుంది. అయిపోయాక కాసేపు తికమకగా మాట్లాడతారు. చూసేవాళ్లకు గాలి సోకినట్టే ఉంటుంది, అందుకు మిమ్మల్ని తప్పుపట్టను.

దయ్యం సినిమా చూసినంత మాత్రాన ఫిట్స్ జబ్బు రాదు. కానీ భయంతో నిద్ర పట్టదు. నిద్ర చాలకపోతే అప్పటిదాకా లోపల దాగి ఉన్న ఫిట్స్ బయటపడొచ్చు. మీ పాప విషయంలో ఇదే జరిగి ఉండొచ్చు, జరగకపోనూ వచ్చు. హాస్టల్‌లో అంతకుముందు ఎప్పుడైనా ఇట్లా చూస్తూ ఉండిపోయిందా అని రూమ్మేట్లను అడగండి. చాలాసార్లు అసలు సంగతి తెలిసేది వాళ్ల దగ్గరే.

ఇక నిద్రమాత్ర. మీరు పేరు రాయలేదు. ఎవరూ రాయరు. ఓపీలో రోజూ చూస్తుంటాను, కత్తెరతో కోసిన నాలుగు మాత్రల అట్టముక్క తెచ్చి చూపిస్తారు, పేరున్న భాగం మెడికల్ షాపులోనే ఉండిపోయి ఉంటుంది. పెద్దావిడకు ఇచ్చింది ఆల్ప్రాజోలం లాంటిది అయ్యుండాలి. అది షెడ్యూల్ హెచ్1 మందు, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. ఆమె వయసుకూ ఆమె ఇబ్బందికీ రాసిన మందును 16 ఏళ్ల పిల్లకు, అదీ మూడు వారాలు, ఎవర్నీ అడక్కుండా ఎట్లా ఇచ్చారండీ? ఈ రకం మందు ఫిట్స్‌ను కొంత అణచిపెడుతుంది, దాంతో జబ్బు డాక్టరు కంట పడదు. ఇంకో చిక్కు కూడా ఉంది. నా మాట విని కోపంతో ఈ రాత్రే ఆపేయకండి. రోజూ వేసుకున్నదాన్ని ఒక్కసారిగా మానితే, అందులోనూ ఫిట్స్ అనుమానం ఉన్నప్పుడు, ఫిట్స్ ఎక్కువయ్యే ప్రమాదం ఉంది. పెంచొద్దు, ఆపొద్దు. రేపే డాక్టరుకు చూపించి, ఎట్లా తగ్గించాలో ఆయన చెప్పినట్టు చేయండి. దగ్గు మందు, జలుబు మాత్రలు దీనికి తోడు వేయొద్దు, మత్తు రెట్టింపవుతుంది.

జ్వరం, తీవ్రమైన తలనొప్పి, పొంతన లేని మాటలు, మూతి లేదా చేతులు వంకర్లు పోవడం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా రేపటిదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. మెదడువాపులో ఒక అరుదైన రకం ఉంది, 2007లో పేరు పెట్టారు. వయసులో ఉన్న ఆడపిల్లల్లో ఎక్కువ. మొదట్లో అచ్చం పిచ్చిలాగో పూనకంలాగో కనిపిస్తుంది. త్వరగా పట్టుకుంటే చాలామంది కోలుకుంటారు. మంత్రగాళ్ల చుట్టూ తిరుగుతూ వారాలు గడిపేసినవాళ్ల సంగతి వేరు.

గొంతు మార్చి మాట్లాడటం ఫిట్స్ తర్వాతి తికమక కావచ్చు, మనసులోని ఒత్తిడి అట్లా బయటికి రావడమూ కావచ్చు. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు. రెండోదైనా అది నాటకం కాదు, “యాక్షన్ చేస్తోంది” అని తిట్టకండి. గంగజాతరలో పూనకం వచ్చే ఆడవాళ్లందరికీ జబ్బుందని కూడా నేననను. అది జాతరలో వస్తుంది, అక్కడే పోతుంది, మర్నాడు వాళ్ల పని వాళ్లు చేసుకుంటారు. మీ పాపకు నిద్ర లేదు, చదువు సాగడం లేదు. తేడా అక్కడుంది.

ఆ సినిమా సంగతికొస్తే, వచ్చింది 1973లో. 2000లో కొన్ని సీన్లు కలిపి మళ్లీ విడుదల చేశారు. పిల్ల వెల్లకిలా వంగి చేతుల మీదా కాళ్ల మీదా మెట్లు దిగే సీను అప్పుడు చేర్చిందే. అది చూసి లైటు ఆర్పనివ్వకపోతే ఆశ్చర్యం లేదు. 1975లో ఒక మెడికల్ జర్నల్‌లో, ఈ సినిమా చూశాక మానసికంగా ఇబ్బందిపడిన నలుగురి గురించి వ్యాసం వచ్చింది. అయితే ఆ సినిమాలోని తల్లి కూడా చర్చి ఫాదర్ కంటే ముందు డాక్టర్ల దగ్గరికే పోతుంది. వాళ్లు అనుమానించేదీ టెంపొరల్ లోబ్‌నే. మెడ రక్తనాళంలో సూది గుచ్చి ఎక్స్‌రేలు తీస్తారు, నాకైతే సినిమా మొత్తంలో భయం వేసింది ఆ సీనుకే.

ఇప్పుడు ఫిట్స్ అనుమానానికి చేసే ఈఈజీకి, అంటే తలమీద తీగలు అంటించి మెదడు పనితీరు చూసే పరీక్షకు, సూది ఉండదు. ముందురోజు తలస్నానం చేయించి, నూనె రాయకుండా తీసుకెళ్లాలి. రిపోర్టు నార్మల్ వచ్చినంత మాత్రాన ఫిట్స్ లేవని కాదు, డాక్టరు మళ్లీ తీయించొచ్చు, ఎమ్మారై రాయొచ్చు. అంత్రం ఉంటే ఉండనివ్వండి, నాకేం అభ్యంతరం లేదు. ఎమ్మారై గదిలోకి మాత్రం అందులోని రేకుతో సహా తీసేసి వెళ్లాలి. పొగ పెట్టడం, కొట్టడం, తిండి మాన్పించడం మాత్రం ఒప్పుకోవద్దు.

తిరుపతిలోనే స్విమ్స్ ఆసుపత్రిలో న్యూరాలజీ (మెదడు, నరాల విభాగం), రుయా ఆసుపత్రిలో సైకియాట్రీ ఉన్నాయి. ముందు న్యూరాలజీకి వెళ్లండి. ఈసారి చూపు నిలబడినప్పుడు ఫోన్‌లో వీడియో తీయండి, డాక్టరుకు మీ మాటలకంటే అదే ఎక్కువ పనికొస్తుంది. పెద్ద ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో నిమ్మకాయ, చెంచా, నీళ్లు ఏవీ పెట్టొద్దు, చేతిలో తాళాలూ పెట్టొద్దు. 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి. డాక్టరు చూసి చెప్పేదాకా పాపను బావి దగ్గరికీ పొయ్యి దగ్గరికీ ఒంటరిగా పంపొద్దు, బాత్రూం లోపల గడియ పెట్టుకోనివ్వొద్దు. ఒత్తిడి గురించి మాట్లాడాలంటే 14416 టెలీ మానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్‌కు ఏ వేళైనా, తెలుగులోనే చేయొచ్చు.

పరీక్షల్లోపు తగ్గుతుందో లేదో రిపోర్టులు చూడకుండా చెప్పలేను. దయ్యం సినిమాలు మాత్రం నిద్ర కుదురుకునేదాకా వద్దు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు పెద్దావిడ మాత్రల అట్ట, పేరు కనిపించేది, వెంట తీసుకెళ్లండి.